బెజ్జం పెట్టే ముందు బెల్టు పెట్టుకో

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. డ్యాష్‌బోర్డు కింద పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టి, "ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఇక్కడ బిగించేస్తున్నాం, బాగుంటుందా?" అని ఒక్క ముక్క రాశావు. వెనక తగిలించిన ట్రైలర్ బ్రేకుల్ని డ్రైవరు సీట్లోంచే నడిపే డబ్బా అది, ఎక్కడ పడితే అక్కడ పెట్టేది కాదు. ఫోటోలో బాగానే ఉంది. కానీ అది నువ్వు పెడళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుని తీసినట్టుంది. అక్కణ్ణించి చూస్తే ఏ చోటైనా బాగానే కనిపిస్తుంది. బండి అలా పడుకుని నడపం కదా. ఫోన్లో చెబితే సగం విని "సరేలేమ్మా" అంటావని కూర్చుని రాస్తున్నాను. ఇది చదివేదాకా ఇద్దరూ డ్రిల్లు ముట్టుకోకండి.

మన పాత పికప్‌లో మీ నాన్న బిగించిన కంట్రోలర్ నీకు గుర్తుందో లేదో. స్టీరింగ్ కింద కుడిపక్కకి, బాగా లోపలికి ఉండేది. డబ్బా పైకి కనబడకూడదని ఆయన పట్టుదల. ఆయనకి బాగానే కుదిరింది. పొడుగు చేతులు, పైగా సీటు వెనక్కి నెట్టుకుని కూర్చుంటారు. నేనేమో సీటు ముందుకి లాక్కోవాలి. లాక్కున్నానంటే ఆ డబ్బా సరిగ్గా నా కుడి మోకాలికి ఎదురు. బండెక్కితే ఒకటి, దిగితే ఒకటి. వెతకబోయిన తీగ కాలికి తగిలిందంటారే, నాకు కాలికి తగలడం వరకే, చేతికి దొరికేది కాదు.

ఒకరోజు ట్రైలర్‌తో నేనే నడుపుతున్నాను. పెద్ద లారీ ఒకటి పక్కనుంచి దాటుకుంటూ పోయింది. ఆ గాలి ఊపుకి ట్రైలర్ ఊగడం మొదలెట్టింది. ముందు కొంచెం కొంచెంగా, తర్వాత మన బండి వెనక భాగాన్ని కూడా ఇటూ అటూ ఈడుస్తూ. అప్పుడేం చెయ్యాలో నాకు తెలియక కాదు. యాక్సిలరేటర్ మీదినుంచి కాలు తీసెయ్యాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, ఊగుడుకి ఎదురు తిప్పకూడదు, బండి బ్రేకు తొక్కకూడదు, కంట్రోలర్ మీదున్న మీట నెమ్మదిగా నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రం పట్టించాలి. ట్రైలర్ ఒక్కటీ వెనక్కి లాగితే, వదులుగా ఉన్న తాడు బిగిసినట్టు, రెండూ ఒక వరసలోకి వస్తాయి. అంతా తెలుసు. కానీ కంగారులో కాలు ముందు బ్రేకు మీదికే పోయింది. సీటు బెల్టు టక్కున బిగుసుకుంది. ఇక ముందుకి వంగలేను. చెయ్యి చాపితే వేళ్ళకి డబ్బా అంచు తగిలింది గానీ మీట అందలేదు. రెండు వేళ్ళ దూరం, అంతే.

రోడ్డు చదునుగా ఉంది, వేగం మరీ ఎక్కువ లేదు. కాలు తీసేశాక కాసేపటికి అదే సర్దుకుంది. పక్కకి తీసి ఆపాను గానీ చాలాసేపు దిగలేకపోయాను. ఆ రాత్రి మీ నాన్నతో మాట్లాడలేదు. ఆయన మర్నాడు పొద్దున్నే లేచి, నేను అడక్కుండానే, దాన్ని ఊడదీశారు. ఆ పాత బెజ్జాలు బండి అమ్మేదాకా అలాగే నా మోకాలి ముందు ఉండిపోయాయి.

అందుకని చోటు ఎంచుకోవడం నాకు తెలిసిన పద్ధతిలో చెబుతాను. కంట్రోలర్ ఎంత కొలతో అంత అట్టముక్క కత్తిరించి, మడిచి డబ్బాలా చెయ్యి. మీట ఉండే వైపు ఒక అగ్గిపుల్ల గుచ్చు. దాన్ని రెండు వైపులా అంటుకునే టేపుతో అనుకున్న చోట అంటించు. ఇప్పుడు సీట్లో నువ్వు మామూలుగా ఎలా కూర్చుంటావో అలాగే కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఒక్కసారి గట్టిగా గుంజి అది బిగుసుకునేలా చెయ్యి. కళ్ళు ఎదర రోడ్డు మీదే ఉంచి, ఒక చెయ్యి స్టీరింగ్ మీదే ఉంచి, రెండో చేత్తో ఆ అగ్గిపుల్లని పట్టుకో. తడుముకోకుండా మొదటిసారే దొరకాలి. పదిసార్లు చేస్తే పదిసార్లూ దొరకాలి. దొరక్కపోతే ఆ చోటు ఎంత అందంగా ఉన్నా మనకి పనికిరాదు.

తర్వాత అల్లుణ్ణి కూర్చోబెట్టు. మీ ఇద్దర్లో ఎవరి చెయ్యి పొట్టిదో వాళ్ళకి అందడం ముఖ్యం, ఎవరి మోకాలు పొడుగుదో వాళ్ళకి తగలకపోవడం ముఖ్యం. ఈ రెండూ ఒకరి శరీరంతో తేలవు. కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి మార్చి చూడండి. దళసరి బూట్లేసుకుని మార్చి చూడండి. ఎక్కి దిగి చూడండి. అట్టడబ్బా నలిగిందంటే అసలు డబ్బా అయితే మోకాలు నలిగేదన్నమాట. రేపు ఏదైనా గుద్దుకుంటే మోకాళ్ళు ముందుకి పోయేది ఆ చోటికే, అక్కడ అంచులున్న గట్టి పెట్టె ఉండకూడదు. ఇంకో తంటా కూడా ఉంది. నా మోకాలు తగిలి తగిలి పాతదాంట్లో బ్రేకు బలం సెట్ చేసే చక్రం తిరిగిపోయేది. ఓ రోజు ఖాళీ ట్రైలర్‌కి నిండు బరువు సెట్టింగ్ పడి, బ్రేకు ముట్టుకోగానే దాని చక్రాలు జామ్ అయి కీచుమన్నాయి.

ఎడమా, కుడా అని అడుగుతావు. కార్ల కంపెనీలే దీని మీద ఒక మాట మీద లేవు. ఫోర్డ్ వాళ్ళు 2005 సూపర్ డ్యూటీ పికప్ నుంచి ఫ్యాక్టరీలోనే కంట్రోలర్ పెట్టి ఇస్తున్నారు, స్టీరింగ్‌కి కుడిపక్క. షెవ్రోలే వాళ్ళ సిల్వరాడో పికప్‌లో స్టీరింగ్‌కి ఎడమపక్క ఉంటుంది. నేనైతే కుడిపక్కే అంటాను. మన బండ్లలో డ్రైవరు సీటు ఎడమవైపే కాబట్టి, ఎడమపక్క తలుపుకీ స్టీరింగ్‌కీ మధ్య చెయ్యి ఇరుకుతుంది, పైగా పక్కసీట్లో ఉన్నవాళ్ళకి అసలు అందదు. నీకు చెయ్యి ఖాళీ లేనప్పుడు అల్లుడు పక్కనుంచి ఆ మీట నొక్కగలగాలి. అయితే కుడిపక్క అన్నానని మీ నాన్నలా లోపలికి తొయ్యకు. స్టీరింగ్ కాలమ్‌కీ మధ్య కన్సోల్‌కీ నడుమ, డ్యాష్‌బోర్డు కింది అంచు దగ్గర, మోకాలికి పైన ఉండాలి. నీ పెన్సిలు చుక్కలు దానికంటే జానెడు కిందికీ లోపలికీ ఉన్నాయి.

ఇక డబ్బా ఎటు చూడాలన్నది. మీరు కొన్నది బండి ఎంత గట్టిగా ఆగుతోందో తనే పసిగట్టి, ఆ మేరకు ట్రైలర్‌కి కరెంటు పంపే రకం. పాత రకాలు కొన్ని బ్రేకు లైటు వెలగ్గానే ముందే పెట్టిన లెక్క ప్రకారం కరెంటు పెంచుకుంటూ పోతాయి, వాటిని ఎలా తిప్పి పెట్టినా నడుస్తుంది. నీదాంట్లో మాత్రం లోపల సెన్సర్ ఉంది. బండి ముందుకి పోయే దిక్కూ డబ్బా పొడుగూ ఒకే గీతలో ఉంటేనే దానికి ఆగడం సరిగ్గా తెలుస్తుంది. అంకెలు బాగా కనబడాలని చాలామంది డబ్బా మొహాన్ని డ్రైవరు వైపు పక్కకి తిప్పేస్తారు. అలా చేస్తే అది అసలు కంటే తక్కువ ఆగుతున్నామనుకుంటుంది, ట్రైలర్‌కి తక్కువ బ్రేకు పంపుతుంది. పక్కకి ఒరగనివ్వకు. మొహం పైకో కిందికో ఎంత వాలొచ్చో దాని పుస్తకంలో రాసుంటుంది, అది చదివాకే కోణం పెట్టు. మా పాతదాంట్లో ఆ సెన్సర్ పని చెయ్యడానికి, బండి ఆగితే ముందుకి ఊగే లోలకం ఉండేది. ట్రైలర్ తగిలించగానే బండి వెనక భాగం కుంగి ముక్కు పైకి లేస్తుంది కదా, మట్టం చూసుకోవాల్సింది అప్పుడే. ఖాళీ బండిలో చూసుకుని మట్టం కుదిరిందనుకుంటే రోడ్డు మీదికెళ్ళాక తేడా కొట్టేది. ఎత్తెక్కేటప్పుడు బ్రేకు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ, దాని చాదస్తం దానిది.

బిగించే ఆధారం కూడా గట్టిదై ఉండాలి. పల్చటి ప్లాస్టిక్కుకి బిగిస్తే గతుకు గతుక్కీ డబ్బా ఊగుతుంది, ఆ ఊగుడుని సెన్సర్ బ్రేకనుకోవచ్చు. వేలితో నొక్కి చూడు, లోపలికి వంగే చోటు వద్దు. వెనక ఇనప రేకు ఉంటే దానికి పట్టు దొరుకుతుంది.

ఒక్కచోట మాత్రం నా మాట జవదాటకు. స్టీరింగ్ కింద ఆ ప్యానెల్ వెనక మోకాళ్ళ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో ముందు చూసుకో. ప్యానెల్ మీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉంటే దాని మీదా, దానికి ఎదురుగా కూడా ఏదీ బిగించకూడదు. గుర్తు లేకపోయినా, కింది ప్యానెల్ ఊడదీసి టార్చిలైటు వేసి వెనకేముందో కళ్ళారా చూశాకే బెజ్జం. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, అక్కడ చెయ్యి పెట్టొద్దు. వైర్ల కట్టలూ, ఏసీ గొట్టాలూ కూడా ఆ వెనకే ఉంటాయి. డ్రిల్లు ముల్లుకి అర అంగుళం దగ్గర రంగు టేపు చుట్టు, టేపు ప్యానెల్‌కి తగిలిందంటే ఆగిపోవాలి. స్క్రూలు డబ్బాలో వచ్చిన పొట్టివే వాడు. పట్టు చాల్లేదని అల్లుడు పొడుగువి తెస్తానంటాడు, తేనివ్వకు.

బానెట్ తెరిచే మీటా, మెకానిక్ తన మిషను తగిలించే ఆ 16 పిన్నుల సాకెట్టూ మూసుకుపోకుండా చూసుకో. వేడిగాలి గొట్టం మూతికి ఎదురుగా వద్దు. ఫోను స్టాండు దాని పక్కనే పెట్టకు, రేడియో తరంగాలొచ్చే వస్తువులు దూరంగా ఉంచమని పుస్తకంలోనే చెబుతారు. రాత్రిపూట ఆ అంకెల వెలుగు అద్దంలో పడుతుందేమో ఒకసారి చీకటి పడ్డాక కూర్చుని చూడు. నాకైతే అది వారం రోజులు చిరాకు పెట్టింది, తర్వాత అలవాటైంది.

వైర్ల సంగతి పెద్దగా లేదు. నల్లది బ్యాటరీ నుంచి, తెల్లది ఎర్తు, ఎర్రది బ్రేకు లైటు స్విచ్చి నుంచి, నీలంది ట్రైలర్ బ్రేకులకి. మీ బండికి టోయింగ్ ప్యాకేజీ, అంటే ట్రైలర్ లాగడానికి కంపెనీయే పెట్టిచ్చిన ఏర్పాటు, ఉందన్నావు కాబట్టి డ్యాష్‌బోర్డు కింద ఎక్కడో సాకెట్టు ఉంటుంది, మీ బండి మోడల్‌కి సరిపోయే ప్లగ్గు వైరు కొంటే తగిలించడమే. ఆ వైరు పొట్టిగా ఉంది కాబట్టి డబ్బా ఇక్కడే పెట్టాం అని మాత్రం చెప్పకు. చోటు ముందు, వైరు తర్వాత. చాలకపోతే అదే మందం వైరుతో పొడిగించుకోవచ్చు. ఒక్కో చక్రం బ్రేకు మూడు ఆంపియర్లదాకా లాగుతుంది, రెండు ఇరుసుల ట్రైలర్‌కి నాలుగు చక్రాలంటే 12 ఆంపియర్లు. సన్న వైరు వేస్తే అది వేడెక్కుతుంది, బ్రేకు బలం తగ్గుతుంది.

ఏ చోటూ కుదరకపోతే, పెద్ద డబ్బా కనబడని చోట పెట్టి డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి నాబ్ ఒక్కటే బిగించే రకాలున్నాయి. రెడార్క్ వాళ్ళ టో-ప్రో అలాంటిదే. ఉన్నది తిరిగిచ్చేసి అది కొనుక్కున్నా నేనేమీ అనను. ఫోన్లో యాప్‌తో నడిచేవి కూడా వచ్చాయట. ట్రైలర్ ఊగుతున్నప్పుడు ఫోను ఎక్కడుందో వెతుక్కోవడం నాకైతే ఊహించుకోవడానికే భయం.

బిగించాక ఖాళీ చోట గంటకు 25 మైళ్ళ వేగంలో, బండి బ్రేకు ముట్టకుండా మీట ఒక్కటే నొక్కి చూడు. ట్రైలర్ చక్రాలు జామ్ అయితే బలం కాస్త తగ్గించు. లాగినట్టే అనిపించకపోతే పెంచు. బరువు మారినప్పుడల్లా ఇది మళ్ళీ చూసుకోవాలి.

ఈసారి ఫోటో తీసేటప్పుడు నువ్వు సీట్లో ఉండు. బెల్టు పెట్టుకుని, చెయ్యి ఆ అట్టడబ్బా మీద పెట్టి. అల్లుణ్ణి పక్కసీట్లోంచి తియ్యమను. మీ నాన్నకి కూడా చూపిస్తాను, చూసి కాసేపు దగ్గుతారు.

అమ్మ