బావా, నీ రంగుల టమాటాల సంగతి

ఒరేయ్ బావా,

ఫోనులో అడిగినప్పుడల్లా "బాగానే ఉన్నాయిలే" అని దాటేస్తున్నానని నీకు ఒళ్ళు మండుతున్నట్టుంది. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదురా. నేను మొదలుపెట్టేసరికి మీ ఆఫీసు కాల్ వస్తుంది, నువ్వు పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువుకో, ఆయ్.

నువ్వు పంపిన మూడు టమాటా గింజల పాకెట్లూ మొలిచాయి. ముందు ఆ మాట చెప్పేస్తే నీకు టెన్షన్ తగ్గుతుంది. చెరోకీ పర్పుల్, బ్రాండీవైన్, బ్లాక్ క్రిమ్. పేర్లు చదివి మా అమ్మ "ఇవి కూరగాయలా, మందు సీసాలా?" అంది. చెరోకీ పర్పుల్ కథ మాత్రం నాకు బాగా నచ్చింది. 1990లో టెన్నెసీలో ఒకాయన ఈ గింజల్ని క్రెయిగ్ లెహూలియర్ అనే విత్తన పిచ్చోడికి పోస్టులో పంపాడట. నూరేళ్ళ క్రితం చెరోకీ తెగ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చాయని చెప్పుకునే గింజలు. పేరూ ఊరూ లేని ఆ కాయకి లెహూలియరే ఆ పేరు పెట్టాడు. ఒక మామూలు కవరు దాన్ని ప్రపంచం మొత్తం తిప్పేసింది. మన పోస్టాఫీసులో ఆ మాట చెబితే పొంగిపోతారు.

అయితే పాకెట్ల మీద రాసిన "వసంతంలో నాటండి" అన్న ముక్కని మాత్రం నమ్మకూడదు. అక్కడ వసంతం అంటే మంచు గడ్డకట్టడం ఆగిపోయి, ముందున్న నాలుగు నెలలూ మొక్క సుఖంగా పెరిగే కాలం. మన కోనసీమలో టమాటాకి అవి ఆఖరి రోజులు. శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళిపోయాక దానికి మిగిలేదెంత? రాత్రిపూట 15 నుంచి 20 డిగ్రీలుంటే పూత చక్కగా నిలుస్తుంది. 22 దాటిన రాత్రులు వరసపెట్టి వస్తే పుప్పొడి చచ్చుబడి, తొడిమ పసుపు తిరిగి, పువ్వు రాలిపోతుంది. మార్చి సగానికే మన దగ్గర రాత్రులు 23, 24. దానికి తోడు సముద్రపు తేమ. ఆ తేమకి పుప్పొడి ముద్ద కట్టి, రాలాల్సింది రాలదు. మీ హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, గాలి పొడిగా ఉంటుంది, అందుకే నీ మిద్దె మీద కుండీల్లో కాసినంత మా పెరట్లో కాయలేదు. నా చెయ్యి మంచిది కాదని మీ ఆవిడ అందట కదా, ఈ పేరా ఆవిడకి చూపించు.

మన సంతలో ఏప్రిల్ నుంచీ మదనపల్లె కాయ తప్ప ఇంకోటి కనపడకపోవడానికీ కారణం ఇదే. ఆ ఊరు ఏడొందల మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్ళు చల్లబడుతుంది. లారీలో అంత దూరం రావాలి కాబట్టి తోలు మందంగా ఉన్న రకాలే వేస్తారు. తప్పేం లేదు, వాళ్ళ బతుకు అది. 2023 జులైలో అదే కాయ కిలో రెండు వందల దగ్గరకి వెళ్ళినప్పుడు మనం దాన్నే కళ్ళకద్దుకుని తెచ్చుకున్నాం.

కాబట్టి ఇక్కడ లెక్క వెనక నుంచి వేసుకోవాలి. శివరాత్రి లోపు పిందె కట్టేయాలి. నీ రంగుల రకాలు నాటాక 80, 90 రోజులు తీసుకుంటాయి. అంటే కార్తీకంలోనే మొక్క నేలలో ఉండాలి. సరిగ్గా అప్పుడే కదా మనకి వాయుగుండాలు! ఈ ఏడు అదే జరిగింది. నారు వీధి అరుగు మీద ట్రేల్లో సిద్ధంగా ఉంది, నాటుదామంటే పెరడంతా చిత్తడి. మన ఒండ్రు నేల సంగతి తెలుసుగా, ఒకసారి నీరు పట్టిందంటే వదలదు. చివరికి గట్లు ఎత్తుగా పోయించి, గత్తం కలిపి, నాటేసరికి డిసెంబరు సగం దాటింది. జగ్గన్నతోట ప్రభల తీర్థం నాటికి మోకాలెత్తు కూడా లేవు. ఆపైన పొద్దున తొమ్మిదింటి దాకా వదలని మంచు, ఆకుల మీద మచ్చలు. అంతర్వేది తీర్థం అయ్యాక నాలుగు రోజులు హాయిగా ఉంది. శివరాత్రి దాటగానే ఎవరో పొయ్యి వెలిగించినట్టు ఎండ. పోనీ ఎండ కాస్తోంది కదా అని సరిపెట్టుకునేలోపు ఫాల్గుణంలో ఓ సాయంత్రం ఈదురుగాలీ వానా.

ఆ వాన చేసిన పని చెబుతాను విను. అప్పటిదాకా మొక్కకి కాలువ నీళ్ళు పొదుపుగా పెడుతున్నాం. ఎండకి తోలు గట్టిపడ్డ కాయలోకి ఒక్కసారిగా నీరెక్కేసరికి తొడిమ చుట్టూ వలయాలు వలయాలుగా పగిలిపోయాయి. బ్రాండీవైన్ అయితే మరీ ఘోరం, దాని తోలు ఉల్లిపొర మందం. అందుకని ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టాను. ఆకాశం అనుమానంగా ఉంటే కొంచెం రంగు తిరిగిన ప్రతి కాయనీ కోసేసి ఇంట్లో గడ్డిలో పరిచేస్తున్నాను. చెట్టున పండితేనే రుచి అని నువ్వు వాదిస్తావు. రంగు తిరగడం మొదలైన కాయ చెట్టు మీద ఉన్నా గడ్డిలో ఉన్నా ఒకేలా పండుతుంది, నేను రెండూ పక్కపక్కన పెట్టి తిన్నాను. పైగా ఎండ 30 దాటితే చెట్టు మీద ఎరుపు సరిగ్గా రాదు, నారింజ దగ్గరే ఆగిపోతుంది. నీడలో ఉన్న కాయే బాగా ఎర్రబడింది.

ఇక తెగుళ్ళు. తెల్లదోమ సంగతి నీకు తెలుసు, మీ దగ్గరా ఉంది. అది అంటించే ఆకుముడత వచ్చిన మొక్కకి మందు లేదు, పీకి కాల్చేయడమే. నేను నారు మీద పాత దోమతెర కప్పాను, తోటలో పసుపు రంగు జిగురు అట్టలు కట్టాను, బంతి మొక్కలు అంచుల్లో వేశాను. బంతి కాయతొలుచు పురుగుని తనవైపు లాగుతుంది. దోమకి పనికిరాదు, పెరట్లో అందంగా మాత్రం ఉంది.

నన్ను ఏడిపించింది మాత్రం ఎండు తెగులు. పొద్దున పచ్చగా ఉన్న చెట్టు మధ్యాహ్నానికి తలవాల్చేస్తుంది, సాయంత్రం మళ్ళీ లేస్తుంది, నీళ్ళు చాల్లేదేమో అనుకుంటాం, మూడోనాటికి అయిపోతుంది. ఇది నీకెప్పుడైనా వస్తే ఒక పరీక్ష చెయ్. మొదలు దగ్గర వేలెడు కాండం కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన చివర నీళ్ళలో మునిగేలా పట్టుకో. తెల్లటి జిగురు దారంలా కిందికి దిగితే అది బాక్టీరియా. దిగకపోతే బహుశా వేరే బూజు తెగులు. ఈ బాక్టీరియా నేలలోనే ఉండిపోతుంది. వంకాయ, మిరప వేసిన మడిలో టమాటా వేస్తే దానికి పండగే. మన పెరళ్ళలో తరతరాలుగా వేసేవి ఆ మూడే.

దీనికో దారి దొరికింది, నీకు నచ్చుతుంది. తైవాన్‌లో ఉన్న వరల్డ్ వెజిటబుల్ సెంటర్ వాళ్ళు వంగ మొక్క మీద టమాటా అంటుకట్టే పద్ధతిని ఎప్పుడో చూపించారు. తెగులు తట్టుకునే వంగ వేరు ఉంటే ఎండు తెగులు దాదాపు రాదు, వేళ్ళలో నీరు నిలిచినా టమాటా కంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. మనకింకేం కావాలి? కడియంలో గులాబీలు అంటుకట్టే కుర్రాడొకడు ఉన్నాడు, వాడికి ఇది ఆట. పెన్సిల్ కంటే సన్నటి వంగ కాండాన్ని బ్లేడుతో చీల్చి, టమాటా కాండాన్ని మేకులా చెక్కి అందులో దింపి, క్లిప్పు పెట్టేశాడు. కొన్నాళ్ళు చీకట్లో, తడిగా, ప్లాస్టిక్ కవరు కింద ఉంచాలి. చెరోకీ పర్పుల్ బతికిందంటే ఆ వంగ వేరు చలవే. వచ్చే ఏడు అన్నీ అంటు మొక్కలే.

పువ్వులు రాలకుండా ఇంకో పని కూడా చేశాను. పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య, మంచు ఆరాక, గుత్తి వెనక వేలితో టకటకా కొట్టడం. టమాటా పువ్వు పుప్పొడిని గొట్టం లోపల దాచుకుంటుంది, అదిరితే గానీ రాలదు. తేనెటీగకి ఆ విద్య రాదు. మన నల్ల తుమ్మెద ఉందే, అది పువ్వుని పట్టుకుని ఒళ్ళంతా అదిరేలా జుమ్మంటుంది, అదీ పని. సెల్లు పక్కన పడేసి ప్రతి గుత్తినీ పలకరించి వస్తున్నానని మీ చెల్లెలు నవ్వుతోంది. నవ్వనీ, పూత నిలిచింది.

ఇప్పుడు అసలు మాట. ఇన్ని పడ్డాక వీటన్నిటికంటే బాగా కాసింది ఏదో తెలుసా? గోదావరి లంకలో కూరగాయలు పండించి సంతకి తెచ్చే మామ్మగారి దగ్గర అడిగి తెచ్చుకున్న నాటు టమాటా. చిన్నకాయ, అప్పచ్చిలా నొక్కినట్టు, చుట్టూ గీతలు. ఆవిడ దానికి పేరేం పెట్టలేదు, "మా టమాటా" అంటుంది. ఏటా వరద తీశాక లంకలో వేస్తుంది, కాసిన వాటిలో మంచివి చూసి గింజ తీసి బూడిదలో కలిపి దాస్తుంది. మూడు చెట్లు ఉగాది పచ్చడి తిన్నాక కూడా పిందె కట్టాయి బావా! రాత్రుళ్ళు 24 ఉన్నా సరే. అమెరికా వాళ్ళు తమ పాత గింజల్ని వారసత్వం అని ఎంత గొప్పగా రాసుకున్నా, ఈ గింజ తరతరాలుగా మన వాన, ఉక్క, తేమ అన్నీ చూసి నిలబడింది. నీ పాకెట్లని నేను చిన్నచూపు చూడటం లేదు. అవి వాటి ఊళ్ళో రాజులు.

ఇంతా చేసి హైబ్రిడ్ వేసేవాళ్ళని తిట్టను. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకుంటుంది. అప్పు చేసి ఎకరం వేసినవాడికి అదే సరి. మనలాంటి పెరటి రైతులకి దాచిన గింజ వేసినా అదే కాయ కాసే సూటి రకాలే సుఖం, ఏడాదేడాది గింజ కొనక్కర్లేదు.

రుచి అడిగావు. చెరోకీ పర్పుల్ కోసుకుని ఉప్పు చల్లుకుని తింటే అబ్బ అనిపించింది. పప్పులో వేస్తే మాత్రం పప్పు బురద రంగుకొచ్చింది, పులుపూ చాల్లేదు, అమ్మ చింతపండు పిసికి పోసింది. నెత్తళ్ళు టమాటాకి నాటు కాయకి సాటి లేదు. నిలవ పచ్చడి దానితోనే పెట్టాం. ముక్కలు ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టి, ఎండబెట్టి, ఊటలో చింతపండు నానబెట్టి, పప్పునూనెతో ఇంగువ పోపు.

ఈ కవర్లో చిన్న పొట్లం ఉంది, చూసుకో. ఉగాది తర్వాత పిందె కట్టిన ఆ చెట్ల గింజలవి. గుజ్జుతో పాటు గ్లాసులో రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టాను. ఆ జిగురు పొర పోతేనే మొలక సరిగ్గా వస్తుంది. నాలుగైదేళ్ళు ఆగుతాయి, ఫ్రిజ్జులో పడెయ్. బ్రాండీవైన్ గింజలు కూడా కొన్ని పెట్టాను. దాని ఆకు అంచులు నున్నగా, బంగాళాదుంప ఆకులా ఉంటాయి కదా, మొలకల్లో ఎవడైనా పళ్ళున్న ఆకు వేస్తే వాడు సంకరం, పీకెయ్. నీ మిద్దె మీద ఆగస్టు ఆఖర్లో నారు పోయ్, చలికాలమంతా నీదే.

పచ్చడి శుక్రవారం రాత్రి రావులపాలెం బస్సులో పంపిస్తున్నాను, బస్సు బయల్దేరాక ఫోన్ చేస్తా. పొద్దున్నే లేచి వెళ్ళి తెచ్చుకో, వాళ్ళు ఎక్కువసేపు ఆగరు. కిందటిసారి ఆవకాయ పంపిన సీసా మాత్రం అదే బస్సుకి తిరుగు పంపు. మీ చెల్లెలు రోజూ దాని గురించే అడుగుతోంది, నేను ఎన్నాళ్ళని అబద్ధాలాడను?

నీ
బావ