రాబర్ట్ బ్రూస్ ఫుట్ పుస్తకానికి సాయపడినవారికి కృతజ్ఞతలు

దక్షిణ భారతదేశపు రాళ్ళ మధ్యనే ఉద్యోగ జీవితమంతా గడిపిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీద నేను తెలుగులో రాస్తున్న చిన్న పుస్తకం మూడేళ్ళకు పూర్తయి, పోయిన వారమే అచ్చుకు వెళ్ళింది. సాయపడినవారిలో ముగ్గురు తమ పేర్లు వేయవద్దన్నారు. వారి మాట మన్నిస్తూనే, వారు చేసిన మేలు ఏమిటో నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మొదటగా, నా తొలిప్రతిని చదివి పెట్టిన విశ్రాంత భూగర్భ శాస్త్రవేత్తకు నమస్కారాలు. అందులో నేను ఫుట్‌ను కేవలం పురావస్తు పరిశోధకుడిగా చిత్రించాను. 1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరంలో, కంకర తవ్విన గుంట వద్ద ఆయనకు పాత రాతియుగపు పనిముట్టు (పిడి లేకుండా చేత్తో పట్టుకునే చేతిగొడ్డలి) దొరికిందనీ, ఆ సెప్టెంబరులోనే సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరికొన్ని కనుగొన్నారనీ చెబుతూ, అంతా అదృష్టమే అన్నట్టు కథ నడిపాను. పెద్దాయన ఆ పేజీ అంచున, "ఆ దారిన ఎంతోమంది నడిచి ఉంటారు కదా, ఈయన కంటికే ఎందుకు ఆనింది?" అని రాసి పంపారు. జవాబు తోచక వారింటికే వెళ్ళాను.

ఆయన పెరట్లో ఒక ఇసుకరాయినీ, ఒక క్వార్ట్‌జైట్ రాయినీ (ఇసుకరాయే వేడికీ ఒత్తిడికీ గట్టిపడితే వచ్చే రాయి) నా ముందే సుత్తితో పగలగొట్టారు. ఇసుకరాయిలో చీలిక రేణువుల చుట్టూ తిరుగుతూ పోతుంది కాబట్టి పగిలిన ముఖం వేలికి గరగరలాడింది. క్వార్ట్‌జైట్‌లో రేణువులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోయి ఉండడం వల్ల చీలిక వాటిని కోసుకుంటూనే సాగిపోయి, దెబ్బ పడిన చోటు నుంచి ఆల్చిప్ప లోపలి భాగంలాంటి నున్నని పల్లాన్ని మిగిల్చింది. ఏటిలో దొర్లిన రాయికి దెబ్బలు ఎక్కడపడితే అక్కడ తగులుతాయి. ఇలాంటి పల్లాలు రెండు వైపులా వరసగా పడి ఒకే అంచుకు పదును తెచ్చాయంటే అది మనిషి చేతి పని. భారత భూవిజ్ఞాన సర్వేలో 1858 చివరలో చేరి, నాలుగేళ్ళకు పైగా రాళ్ళు పగలగొడుతూ తిరిగిన ఫుట్‌కు ఈ తేడా చేతివేళ్ళకే తెలిసి ఉంటుంది. పైగా ఫ్రాన్సులోని సోమ్ నది కంకరలో బయటపడిన పనిముట్లపై ఆంగ్ల భూగర్భ శాస్త్రవేత్త ప్రెస్ట్‌విచ్ చేసిన పరిశోధనల సంగతి తెలిసి, ఇక్కడా అలాంటివి ఉండవచ్చన్న చూపుతోనే ఆయన తిరిగారు. ఆ మధ్యాహ్నం పుణ్యమా అని రెండో అధ్యాయం మొత్తం తిరగరాశాను. సాధారణ గ్నైస్ శిలలతో (చారలుండే పాత గట్టి రాళ్ళు) అంతవరకు కలిపేసి చూసిన, కర్ణాటకలోని ధార్వాడ్ పేరుతో పిలిచే శిలలను ఫుట్ విడిగా ఒక వ్యవస్థగా, అంటే వేరే శిలల వరసగా గుర్తించడం గురించిన అధ్యాయం కూడా ఈ పెద్దాయన పట్టుదల వల్లనే పుస్తకంలోకి వచ్చింది. ఫుట్ పేరు చెప్పగానే అందరూ చేతిగొడ్డలినే తలుచుకుంటారు గానీ, నా మటుకు నాకు అంతకన్నా పెద్ద పని ఇదేననిపిస్తుంది.

రెండవ కృతజ్ఞత ఒక గ్రంథాలయ ఉద్యోగినికి. మరొకచోట నాలుగు ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేకపోయింది (ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను). ఈ అమ్మ మాత్రం పొడి పొడిగా రాలుతున్న సర్వే రికార్డుల సంపుటాలను ఒక్కొక్క పేజీ జాగ్రత్తగా తిప్పుతూ నాకు చదివి వినిపించారు. కర్నూలు ప్రాంతపు బిల్లసర్గం గుహల తవ్వకమంతా ఫుట్ ఒక్కరే చేశారని నేను రాసుకున్నాను. ఆయన మొదలుపెట్టిన ఆ పనిని 1884-85లో ముందుకు నడిపించింది సైన్యంలో ఉన్న ఆయన కుమారుడు హెన్రీ అని ఆ పేజీల్లోనే తేలింది. అక్కడ దొరికిన ఎముకలను పరిశీలించిన శిలాజ శాస్త్రవేత్త లిడెకర్ ఒక ఖడ్గమృగ జాతికి కర్నూలు పేరే పెట్టారు.

ఆ గుహలకు నన్ను తీసుకెళ్ళినది బేతంచెర్ల నాపరాళ్ళ గనిలో పనిచేసే ఒక అన్న. బండను సుత్తితో తట్టి, ఖంగుమంటే మంచిదనీ, మొద్దుగా పలికితే లోపల పగులుందనీ ఆయన చెప్పేవాడు. ఒకరోజు కూలి పోగొట్టుకుని నాతో వచ్చి, నేనిచ్చిన డబ్బు తీసుకోకుండా, పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతి ఇస్తే తన కూతురు చదివి వినిపిస్తుందన్నాడు.

1891లో ఉద్యోగ విరమణ చేశాక ఫుట్ బరోడా, మైసూరు సంస్థానాలకు పనిచేయడం, తన సేకరణను మద్రాసు మ్యూజియానికి అమ్మడం, 1912లో కలకత్తాలో మరణించడం, అస్థికలు తమిళనాడులోని ఏర్కాడుకు చేరడం చివరి అధ్యాయంలో ఉన్నాయి. దాని ప్రూఫులు దిద్దిపెట్టిన మా తమ్ముడికి కూడా కృతజ్ఞతలు. ఇంకా తప్పులు మిగిలి ఉంటే అవి పూర్తిగా నావే. మొదటి ప్రతి బేతంచెర్లకు వెళ్తుంది.