కంటైనర్ ఓడెక్కాక చెబితే ఏం లాభం?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఊరు పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు. పాతపట్నం మాకు పక్కనే కాబట్టి పొద్దున్న టీతో పాటు మీ పేపరే చదువుతాం. 19 ఏళ్లుగా ఇక్కడ ఒక రైసుమిల్లులో గుమస్తాగా ఉన్నాను. ఆఫ్రికాకు బియ్యం ఎగుమతుల మీద ఈ మధ్య మీరు వేసిన కథనంలో ఓడలు, టన్నులు, డాలర్లు అన్నీ ఉన్నాయి. మమ్మల్ని ముంచిన 'సరుకు ట్రాకింగ్ నోట్' అనే కాగితం ఊసే లేదు. అందుకే ఈ ఉత్తరం.

2024 అక్టోబరులో కేంద్రం ఉప్పుడు బియ్యం మీద ఎగుమతి సుంకం తీసేశాక, ఇక మనమే పంపుదామన్నారు మా షావుకారు. అంతకుముందు మా సరుకు కాకినాడ వ్యాపారులకు పోయేది, పై సంగతులు వాళ్లు చూసుకునేవారు. మొదటిసారి బెనిన్ దేశంలోని కొటొనూ రేవుకు రెండు కంటైనర్లు పంపాం. 50 కిలోల బస్తాలు 1,040. విశాఖలో ఎక్కించి, కొలంబోలో పెద్ద ఓడలోకి మార్చారు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు (మన కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి కాగితం), ఫైటో (సరుకులో పురుగూ తెగులూ లేవనేది), ఫ్యూమిగేషన్ (మందు పొగ పెట్టామనేది) సర్టిఫికెట్లు నేనే రెండేసిసార్లు సరిచూశాను. ఓడ బుకింగ్, కాగితాలు చూసే ఏజెంటు, అంటే మా ఫార్వర్డర్, "డాక్యుమెంట్లు ఓకే సార్" అన్నాడు.

ఓడ కొలంబో దాటాక అక్కడి కొనుగోలుదారు వాట్సాప్‌లో అడిగాడు: "బెస్క్ నంబరు ఎంత?" బ్యాంకు వాళ్లదేదో అనుకున్నాను. ఫార్వర్డర్‌కు ఫోన్ చేస్తే, "అవును సార్, బెనిన్‌కు అది కావాలి, మీకు తెలుసనుకున్నా" అన్నాడు.

బెస్క్ అంటే సరుకు ట్రాకింగ్ నోట్. దాని ఫ్రెంచి పేరులోని తొలి అక్షరాలు కలిపితే ఆ మాట వస్తుంది. ఎవరు పంపారు, ఎవరికి, ఏ ఓడలో, ఎంత బరువు, సరుకు విలువెంత, ఓడ కిరాయెంత అన్నది సరుకు రేవు చేరకముందే అక్కడి కస్టమ్స్‌కు, సరుకు రవాణా వ్యవహారాలు చూసే షిప్పర్స్ కౌన్సిల్ అనే సంస్థకు తెలియాలి. ఆ నోటు నంబరు బీఎల్ (సరుకు ఎక్కించుకున్నామని ఓడ వాళ్లిచ్చే రసీదు) మీద ఉండాలి. ట్రాకింగ్ అన్నారని లారీకి జీపీఎస్ లాంటిదనుకోకండి, మన కంటైనర్ ఎక్కడుందో అది చెప్పదు! కామెరూన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్, గాబన్, రెండు కాంగోలు, అంగోలా... అడిగే దేశాలు చాలానే ఉన్నాయి. కిన్షాసా వైపు కాంగోలో దాన్ని 'ఫెరి' అంటారు, ఐవరీ కోస్ట్‌లో 'బీఎస్‌సీ' అంటారు. సముద్రమే లేని బుర్కినా ఫాసో కూడా అడుగుతుంది. దక్షిణాఫ్రికాకు పంపితే ఈ గొడవ లేదు.

హడావుడిగా దరఖాస్తు పెట్టబోతే అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. ఫారం ఫ్రెంచిలో ఉంది. మొదటి గడిలో 'చార్జర్' లాంటి మాట చూసి మా కంప్యూటర్ కుర్రాడు "ఫోన్ చార్జర్ ఎందుకు సార్ వీళ్లకి?" అన్నాడు. అంటే సరుకు పంపేవాడట. తర్వాత సరుకు ధర, కిరాయి, ఇన్సూరెన్సు వేర్వేరుగా రాయమన్నారు. మా ఇన్వాయిస్‌లో మూడూ కలిపి ఒకే అంకె వేశాం. షిప్పింగ్ బిల్లులో ఉన్నదేమో కిరాయి కలపని ధర. రెండూ పొంతన లేవని తిప్పి పంపారు. సరిచేసి, ఓడ వాళ్ల దగ్గర కిరాయి బిల్లు తెప్పించుకుని, మళ్లీ పెట్టేసరికి ఓడ కొటొనూ చేరిపోయింది.

కంటైనర్లు 11 రోజులు రేవులోనే ఉండిపోయాయి. జరిమానా, రేవు అద్దె, కంటైనర్ అద్దె అన్నీ కలిపి 1,900 డాలర్లు మాకివ్వాల్సిన డబ్బులో కోసుకుని మిగతాది పంపాడు కొనుగోలుదారు. అతని తప్పేం లేదు. టన్నుకు 800 రూపాయలు మిగిలితే గొప్ప అనుకుని పంపిన 52 టన్నులవి. లెక్క మీరే వేసుకోండి. మా షావుకారు నన్నేమీ అనలేదు, అదే ఇంకా బాధ.

ఇంకో సంగతి కూడా తర్వాతే తెలిసింది. నోటు బీఎల్‌కు ఒకటి చొప్పున ఉంటుంది. రెండు కంటైనర్లూ ఒకే బీఎల్‌లో ఉంటే ఒక నోటు, విడగొడితే రెండు. మాకు రెండు బీఎల్‌లు ఎందుకు చేశారో ఇప్పటికీ అర్థం కాలేదు.

విశాఖ, కాకినాడ ఫార్వర్డర్లను నేను కోరేది ఒక్కటే. బుకింగ్‌కు ముందు ఇచ్చే కొటేషన్‌లోనే ఆ దేశానికి ఈ నోటు కావాలా వద్దా, ఎవరు తీయాలి, ఫీజెంత అని ఒక లైను రాయండి. పెద్ద ఎగుమతిదారులకు వేరే డిపార్టుమెంటే ఉంటుంది, వాళ్లకు అవసరం లేకపోవచ్చు. విదేశీ వాణిజ్య విభాగం (డీజీఎఫ్‌టీ) కటక్ ఆఫీసు లెక్కలోకి వచ్చి, విశాఖలో సరుకు ఎక్కించే మాలాంటి సరిహద్దు మిల్లులకు అడిగే దిక్కు ఫార్వర్డరే. మీరు కూడా బిజినెస్ పేజీలో ఏ దేశం ఏం అడుగుతుందో తెలుగులో ఒక పట్టిక వేస్తే కత్తిరించి గోడకు అంటించుకుంటాం.

వచ్చే నెల టోగోకు ఒక కంటైనర్ ఉంది. ఆ లైను లేకపోతే సంతకం పెట్టనని మా షావుకారు ముందే చెప్పేశారు. ఫార్వర్డర్ దగ్గర్నుంచి కొటేషన్ ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక రైసుమిల్లు గుమస్తా,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.