బియ్యం సంచి ఫోటోలు అడిగావు కదా

నెల్లూరు,
ఆదివారం

బుజ్జమ్మా,

కాలేజీలో బియ్యం సంచి డిజైను చేసే ప్రాజెక్టుకు సంచుల ఫోటోలు కావాలని మెసేజీ మీద మెసేజీ పెడుతున్నావు. ఫోటోలు పంపడం లేదు, ఖాళీ సంచులే పంపిస్తున్నా. పక్కింటి మామ సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు వస్తున్నాడు. పొద్దున్నే స్టేషనుకు పోయి తీసుకో. ఫోటోలో సంచి ఏం తెలుస్తుంది? చేత్తో తడిమితేనే తెలుస్తుంది నేత ఎక్కడ గరుకు, అచ్చు ఎక్కడ చెదిరింది అనేది.

నువ్వు పంపిన డిజైను చూశా. ముందు ఫోనులో, తర్వాత మా బియ్యం మిల్లు ఆఫీసు కంప్యూటర్లో పెద్దది చేసి. తెల్ల సంచి, మధ్యలో ఆకుపచ్చ కంకి, కింద సన్నటి అక్షరాలతో పేరు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మీ మేడం మెచ్చుకుందన్నావు, మెచ్చుకునే ఉంటుంది. కానీ ఆ కంకి వరిది కాదమ్మా, గోధుమది. వరి కంకి గింజ పట్టాక తల వంచేస్తుంది, రెమ్మలు రెమ్మలుగా కిందికి వేలాడుతుంది. నువ్వు వేసింది నిటారుగా, జడ అల్లినట్టు ఉంది. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన బొమ్మ తీసుకొని ఉంటావు. కోవూరు దగ్గర గట్ల మీద తిరిగిన పిల్లవి, మీ తాత చూస్తే వారం రోజులు నవ్వుతాడు. వచ్చినప్పుడు పొలానికి పోయి కూర్చొని గీసుకో. కోతలు అయిపోయుంటే మీ తాత గుమ్మానికి కట్టిన కంకులున్నాయి, అవి చూసి గీయి.

ఇంకొకటి. పేరులో 'నెల్లూరు' అని రాశావు చూడు, అందులో లూ కింద ఉండాల్సిన ల వత్తు విడిపోయి, ముందు పొల్లు పెట్టిన ల్, పక్కన లూ విడివిడిగా నిలబడ్డాయి. మన వీధి చివర ఫ్లెక్సీలు వేసే అబ్బాయికి చూపించా. పాత ఫోటోషాప్ అయితే టైపు సెట్టింగుల్లో సౌత్ ఏషియన్ అని ఉండేది పెట్టుకోకపోతే వత్తులన్నీ అట్టా విడిపోతాయట. నాకు అర్థం కాలేదు, నీకు అవుతుందిలే. కాలేజీలో ఎవరూ పట్టుకోలేదంటే నాకు ఆశ్చర్యమేసింది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం పోతే ఊరుకుంటారా?

ఇక తెలుపు సంగతి. సంచి మిల్లులో పుట్టిన దగ్గర్నుంచి దాని బతుకు దుమ్ములోనే. తవుడు పడుతుంది, బస్తాలు మోసే ముఠావాళ్ళ వీపు చెమట పడుతుంది, లారీలో టార్పాలిన్ మురికి అంటుతుంది. కొట్టుకు చేరేసరికి నీ తెలుపు ఏ రంగులోకి మారుతుందో నువ్వే వచ్చి చూడు. పైగా గోడౌనులో ఒకదాని మీద ఒకటి నెట్టు కట్టినప్పుడు సంచి ముఖం ఎవరికీ కనబడదు. బయటికి కనబడేది కుట్టిన మూతి, లేకపోతే అడుగు. ముఠావాళ్ళు పేరు చదివి తీయరు. "చిలక పది ఎత్తు, ఏనుగు ఇరవై ఎత్తు" అంటారు. అందుకే పాతకాలం సంచుల మీద పెద్ద పెద్ద బొమ్మలు, పక్కల్లో కూడా రంగు పట్టీలు. నువ్వు వాటిని చూసి 'గజిబిజి' అన్నావు. కొంత గజిబిజే, ఒప్పుకుంటా. ఆ బంగారు రంగు నీడలు, మెరుపులు నాకూ నచ్చవు. కానీ ఆ పట్టీ ఊరికే పెట్టింది కాదు.

చిల్లర కొట్లో ఇంకో రకం. మూతి విప్పి, అంచు బయటికి చుట్టి మడిచి, బియ్యంలో ధర రాసిన అట్ట గుచ్చుతారు. బియ్యం తగ్గేకొద్దీ మడత కిందికి దిగుతుంది. నువ్వు నడిమధ్యన పెట్టిన పేరు రెండో రోజుకే మడతలోకి పోతుంది. స్టోన్‌హౌస్‌పేటలో ఏ కొట్టు ముందైనా ఐదు నిమిషాలు నిలబడితే ఇది తెలుస్తుంది. అక్కడ హైదరాబాదులో కూడా కొట్లున్నాయి కదా, రూములో కూర్చొని కంప్యూటర్లో సంచి నమూనా (మాకప్) చేసే ముందు ఒకసారి పోయి నిలబడు. నీ చదువులో నేను చెప్పగలిగింది ఇదొక్కటే.

సంచి మీద వేసే బరువు అంకె గురించి ఒక కథ చెప్తా. 2022 జులై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ అన్నారు. అంతకు మించితే లేదు. ఇంకేముంది, 26 కిలోల సంచులు వచ్చేశాయి. మనింట్లో సంచి మీద 26 ఎందుకుందని అప్పట్లో నువ్వే అడిగావు. మెరిసే సంచులకు ముందు పలచని ఫిల్ము మీద అచ్చు వేసి, దాన్ని నేసిన సంచికి అతికిస్తారు. ఒక్కో రంగుకు అచ్చు వేసే సిలిండరు ఒక్కోటి చెక్కాలి. మా సంచి మీద 25 అనేది ఒక్క నలుపులోనే ఉండేది. నలుపు సిలిండరు ఒకటి మారిస్తే పనైపోయింది. మాకు తెలిసిన ఇంకో మిల్లువాళ్ళు ఆ అంకెకు ఎరుపు లోపల పసుపు, చుట్టూ నీలం గీత పెట్టుకున్నారు. ఒక్క అంకె కోసం మూడు సిలిండర్లు మళ్ళీ చెక్కించారు. ఉన్న పాత సంచుల మీద స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చున్నారు. మారే అవకాశం ఉన్నదేదైనా ఒకే రంగులో పెట్టు. మీ ప్రాజెక్టు చూసి మార్కులు వేసే జ్యూరీలో ఎవరైనా ఎందుకని అడిగితే ఈ సంగతి చెప్పు.

రంగులోనూ ఇట్టాంటి తంటాలే. ఒకసారి సంచులు వేసే కంపెనీవాళ్ళు పంపిన లాటులో మా ఎరుపు ఇటుకరంగుకు తిరిగింది. బియ్యం అవే, మిల్లు అదే. కొట్లవాళ్ళు "ఇది డూప్లికేటు" అని వెనక్కి తిప్పి పంపారు. మా మిల్లు ఓనరు గొంతు చించుకున్నా కంపెనీవాళ్ళు తప్పు మాది కాదన్నారు. అప్పటి నుంచి మంచి సంచి ముక్కొకటి కత్తిరించి బీరువాలో పెట్టుకున్నాడు. కొత్త లాటు రాగానే పక్కన పెట్టి ఎండలోకి తీసుకుపోయి చూస్తాడు. మీకు రంగులకు నంబర్ల పుస్తకం ఉంటుందటగా. అది చాలా ఖరీదని చెప్పావు. కాలేజీ లైబ్రరీలో ఉంటే చూసి నంబరు రాసుకో, కొనబాకు.

నువ్వు మర్చిపోయినవి: ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు నంబరు 14 అంకెలు, శాకాహారం ఆకుపచ్చ చుక్క. ఇట్టాంటి వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండి తీరాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. చెన్నై పోయే సంచుల మీద తమిళం కూడా వేస్తారు. అది తమిళం చదవడం వచ్చినవాళ్ళకు చూపించకుండా మాత్రం వేయకు. పైన మూతి దగ్గర రెండు అంగుళాలు కుట్టులోకి పోతుంది, అక్కడేమీ పెట్టకు.

ఇంక మీ అమ్మ మాట. రాత్రి రెండున్నరకు కూడా నువ్వు ఆన్‌లైన్లో ఉన్నావని ఆమెకు ఒకటే టెన్షన్. సబ్మిషన్ల ముందు అట్టాగే ఉంటుందని నేను సర్ది చెప్పా, కానీ ప్రతి వారం సబ్మిషనేనా? హాస్టల్లో రాత్రి అన్నం మానేసి మ్యాగీ తింటున్నావని మీ తమ్ముడు ఉప్పందించాడు. వాడి మీద కోప్పడబాకు. సంచుల్లోనే ఒక దాంట్లో మీ అమ్మ చేపల పచ్చడి, కారప్పొడి పెట్టింది. మామ దించేటప్పుడు ఆ సంచి నిలువుగా పట్టుకోమను.

ప్రింట్లకు డబ్బులు సోమవారం వేస్తా. రంగు ప్రింటు ఒక్కటే తీయించుకో. తప్పులన్నీ ముందు నలుపు తెలుపు మీద చూసుకో.

మా ఓనరుకు నీ డిజైను చూపించా. నవ్వాడు, తర్వాత ఇంకోసారి అడిగి చూశాడు. వచ్చే పంటకు నెల్లూరు మసూరికి వేరే సంచి వేద్దామని అనుకుంటున్నాడు. "మీ అమ్మాయే కదా, ఏదో ఒకటి గీసిస్తుందిలే" అన్నాడు. ఊరికే గీయదు సార్ అని నేను అనేశా. మూడు రంగులకు మించకుండా ఒకటి చేసి పంపు. ఎంత తీసుకుంటావో కూడా అందులోనే రాయి. మీ సీనియర్లు ఎంత తీసుకుంటారో అడిగి రాయి, నన్ను అడగబాకు. నేను తక్కువ చెప్తా.

నీ నాయన