తుఫానులో మా క్షేమం పిల్లలకు చేరేదెలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అబ్బాయి 1999లో న్యూజెర్సీ వెళ్లిన కొత్తలో ఆదివారం పొద్దున్నే ద్వారకానగర్‌లో విదేశాలకు ఫోను చేసుకునే ఐఎస్‌డీ బూత్‌కు వెళ్లేవాళ్లం. మావారు మాట్లాడుతుంటే నా కళ్లు మీటరు మీద పరుగెత్తే ఎర్ర అంకెల మీదే ఉండేవి. తిన్నావా, ఒంట్లో బాగుందా అనేసరికి బిల్లు వంద దాటేది. ఇప్పుడు నేను పొద్దున ఆరున్నరకు ముగ్గు వేస్తుంటే, అక్కడ నిద్రపోబోయే మనవరాలు వాట్సాప్ వీడియోలోంచి చుక్కలు లెక్కపెడుతుంది. ఫోను గుమ్మానికి ఆనించి పెడతాను. ఈ భాగ్యం మా అత్తగారికి లేదు.

కానీ ఈ భాగ్యమంతా కరెంటు ఉన్నంతసేపే. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసిన ఆదివారం, మా సెల్‌ఫోన్లన్నీ మూగబోయాయి. టీవీలో మన విమానాశ్రయం గతి చూసి అక్కడ మావాడికి తిండీ నిద్రా లేవు. మూడో రోజు తెలిసింది, మా వీధి చివర ఒక ఇంట్లో ల్యాండ్‌లైన్ పనిచేస్తోందని. పాత రాగి తీగ ఫోనుకు ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు వస్తుంది, ఇంట్లో కరెంటుతో పనిలేదు. ఆ ఇంటి మెట్ల మీద నిలబడి, హైదరాబాద్‌లో మా చెల్లెలికి "బాగానే ఉన్నాం, వాడికి చెప్పవే" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. నా వెనక ఇంకా పదిమంది ఉన్నారు.

ఆ ఇంట్లోనూ ఇప్పుడు ఫైబరే. కరెంటు పోతే మోడెం ఆగిపోతుంది. సెల్ టవర్ జనరేటర్‌కు డీజిల్ పట్టుకెళ్లాలన్నా రోడ్డు మీద చెట్లు తీయాలి కదా. సీతమ్మధార, ఎంవీపీ కాలనీల్లో పిల్లల్ని విదేశాలకు పంపి ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు నాకు తెలిసే ఎందరో ఉన్నారు.

మన నగరపాలక సంస్థ జీవీఎంసీని, జిల్లా యంత్రాంగాన్ని వేడుకునేది ఇదే. అలాంటి పెద్దల పేర్లు, పిల్లల నంబర్లు వార్డు సచివాలయంలో ముందే రాసిపెట్టండి. కాగితం మీదే రాయండి. తుఫాను తగ్గగానే ఒకరు ఇంటికొచ్చి చూసి, పిల్లలకు కబురందించాలి. సచివాలయంలో జనరేటరు, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునే వీలు, జోన్‌కు ఒక శాటిలైట్ ఫోను ఉండాలి. విపత్తు వేళ ఏ కంపెనీ సిమ్ అయినా వేరే కంపెనీ టవర్‌తో పనిచేసేలా ఇంట్రా సర్కిల్ రోమింగ్ ఇస్తారు. దానికి ఫోన్లో నెట్‌వర్క్ ఎలా మార్చుకోవాలో మాలాంటివాళ్లకు చేయిపట్టి నేర్పండి. అక్టోబరు రాకముందే నేర్పండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, సీతమ్మధార, విశాఖపట్నం