మొహం కనిపిస్తేనే మాట సరిగ్గా వినపడుతుంది

తల్లిదండ్రులందరికీ నమస్కారం అండి,

యూనిట్ టెస్టుల తేదీలు వెనక పేజీలో వేశాం, ఇక్కడ మాత్రం మూడో తరగతిలో జరిగిన ఒక విషయం రాస్తున్నా, నెల రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది.

తెలుగు డిక్టేషన్‌లో ఒక బాబు "మీరు" అంటే "నీరు" అని, "మేక" అంటే "నేక" అని రాసేవాడు. వీడికి పరధ్యానం ఎక్కువ మేడమ్ అని వాళ్ళమ్మగారే అన్నారు, మేమూ అదే అనుకున్నాం, రెండుసార్లు నేనే గట్టిగా మందలించాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంది. ఒకరోజు క్లాసులో వెనక నిలబడి చూశా. టీచర్ బోర్డు మీద రాసుకుంటూనే పదాలు చెప్పేస్తున్నారు, పైన ఫ్యాను గరగరమంటోంది, వీడేమో మెడ సాచి ఆవిడ మొహం కోసం వెతుక్కుంటున్నాడు. మర్నాడు ముందు బెంచీలో కూర్చోబెట్టి, వాడి వైపు తిరిగి అవే పది పదాలు చెప్పిస్తే తొమ్మిది కరెక్టుగా రాశాడు!

మ అనాలంటే పెదాలు మూయాలి, న అనడానికి అక్కర్లేదు. చెవికి ఈ రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి, తేడా పట్టిచ్చేది కన్నే. ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ" అంటాం చూడండి, మనిషి ఎదురుగా ఉంటే ఆ అవసరం పెద్దగా రాదు.

దీని మీద ఇంగ్లండ్‌లో సర్రే యూనివర్సిటీకి చెందిన హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 1976లోనే నేచర్ పత్రికలో రాశారు. ఒకావిడ "గ గ" అంటున్న ఫిల్ముకి "బ బ" అనే గొంతు కలిపి చూపిస్తే, పెద్దవాళ్ళు ఇచ్చిన జవాబుల్లో 98 శాతం "ద ద" అనే! నిజానికి ఆ ఫిల్ములో గానీ, ఆ గొంతులో గానీ ద అన్నదే లేదు. అలాంటి వీడియో ఒకటి మా స్టాఫ్ రూమ్‌లో లాప్‌టాప్‌లో పెట్టుకుని చూశాం. నాకు ద అనే వినిపించింది, కళ్ళు మూసుకుంటే బ, తెరిస్తే మళ్ళీ ద, సంగతి తెలిసి కూడా ఆ ద పోలేదు. అందరికీ ఒకేలా ఉండదు, మా లెక్కల సార్‌కి మాత్రం బ గానే వినిపించిందట.

మన వర్ణమాల తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కవర్గం గొంతు దగ్గర, తవర్గం పళ్ళ దగ్గర, పవర్గం పెదాల మీద పుడతాయి కదా. చెవి బ అంటోంది, కన్నేమో పెదాలు మూసుకోలేదే అంటోంది, మెదడు ఆ రెండింటికీ మధ్యలో ఉన్న పళ్ళ దగ్గర ఆగి ద అని తేల్చేస్తోంది. అసలు శబ్దమే లేకుండా కదిలే పెదాల్ని చూసినా మెదడులో వినికిడి భాగం పనిచేస్తుందని 1997లో స్కానింగ్ చేసి చూపించారు కూడా.

అందుకే ఈ నెల నుంచి బోర్డు వైపు తిరిగి డిక్టేషన్ చెప్పొద్దని టీచర్లందరికీ చెప్పాను. మీరు కూడా వంటింట్లోంచి కేకేసి, హాల్లో టీవీ మోగుతుంటే వాడు పలక్కపోతే "ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు" అనేముందు ఒక్కసారి దగ్గరికెళ్ళి మొహంలోకి చూస్తూ చెప్పి చూడండి, ప్లీజ్. ఎదురుగా చెప్పినా తప్పే రాస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా చెవి డాక్టర్‌కి చూపించండి, తిట్టడం తర్వాత సంగతి.

ఆ బాబుని వాళ్ళమ్మగారు తీసుకెళ్ళారు, ఒక చెవి నిండా గులిమి గట్టిపడి ఉందట, తీసేశారు. ఇప్పుడు మూడో బెంచీ నుంచి కూడా "మేక" అనే రాస్తున్నాడు.

మీ
హెడ్మిస్ట్రెస్