నీళ్లలో వదిలేస్తే బతకదండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో లోతు సముద్రపు స్నాపర్ చేపల మీద వేసిన వ్యాసం చదివాను. అంతా బాగానే ఉంది గానీ, చివర్లో ‘చిన్న చేప పడితే తిరిగి నీళ్లలో వదిలేస్తే చాలు’ అన్నారు చూడండి, అక్కడ ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. చెరువులో పడిన బొచ్చె పిల్లకైతే ఆ మాట సరే. రెండు వందల మీటర్ల అడుగు నుంచి లాగిన చేపకు చెల్లదు.

మాది విశాఖ. ఆరు నెలలుగా హవాయి దీవుల్లోని హొనొలులులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ఓపకపక అనే స్నాపర్‌కి మంచి గిరాకీ (దాని శాస్త్రీయ నామం ప్రిస్టిపోమాయిడిస్ ఫిలమెంటోసస్, నాకు నోరు తిరగదు). మా అల్లుడి స్నేహితుడికి చిన్న బోటుంది, ఒకరోజు వేటకి నన్నూ ఎక్కించుకున్నాడు. గాలం పైకి రావడానికే బోలెడంత సేపు పట్టింది. తీరా చూస్తే జానెడు పిల్ల, లేత గులాబీ రంగు, కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చాయి, నోట్లోంచి ఏదో బుడగలా వేలాడుతోంది. నాలుక అనుకున్నాను. కాదట, దాని పొట్ట!

సంగతేమిటంటే, చేప కడుపులో గాలి తిత్తి ఉంటుంది. 200 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి దాదాపు 21 రెట్లు, అంచేత పైకి లాగేకొద్దీ ఆ గాలి అన్ని రెట్లు ఉబ్బాలని చూస్తుంది, కొన్ని చేపల్లా గొంతులోంచి గాలి వదిలేసే దారి దీనికి లేదు, దాంతో పొట్ట నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది. అలాగే నీళ్లలో పడేస్తే మునగలేక వెల్లకిలా తేలుతుంది, ఏ సొరచేపో వచ్చి నోట కరుచుకుపోతుంది. ఆ కుర్రాడు ముల్లు లేని కొక్కేన్ని తిరగేసి దాని పెదవికి తగిలించి, సీసపు గుండు కట్టి, తాడుతో కిందికి దింపాడు. లోతుకి పోయాక ఒక్క గుంజు గుంజితే కొక్కెం ఊడొచ్చింది. అన్నీ బతుకుతాయని కాదు, దానికంటూ ఒక అవకాశం ఉంటుంది.

ఇక దాని ఇల్లు పగడపు దిబ్బలని రాశారు. ఓపకపక పిల్లలు పెరిగేది రాళ్లూ పగడాలూ లేని చదును నేల మీద, 40 నుంచి 100 మీటర్ల లోతులో. ఒవాహు దీవిలో కనెయోహె అఖాతం బయట అలాంటి చోటు ఉంది. ఎదిగాక ఇంకా లోతుకి, వంద మీటర్లు దాటాక ఉండే రాతి వాలులకి మారతాయి. తిండి కూడా ఎక్కువగా నీళ్లలో తేలుతూ వచ్చేదే, జెల్లీలా ఉండే సాల్ప్‌లు, రొయ్యలు, చిన్న చేపలు.

‘త్వరగా పెరిగే చేప’ అన్న మాటా సగమే నిజం. మొదటి కొన్నేళ్లు పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. చేప చెవిలో ఉండే చిన్న రాయిలోని పొరలు లెక్కపెట్టి దీనికి చాలాకాలం తక్కువ ఆయుష్షే కట్టారు. 1950, 60ల్లో పసిఫిక్‌లో అణుబాంబులు పేల్చినప్పుడు సముద్రంలోకి చేరిన కార్బన్-14 అనే రేడియోధార్మిక పదార్థం జాడ ఆ చెవిరాళ్లలో పట్టుకుని, అవి ఏ కాలంలో పుట్టినవో లెక్కగట్టాకే ఈ చేప 40 ఏళ్లు దాటి బతుకుతుందని తేలింది. అంటే మా అల్లుడి కంటే పెద్ద చేపలు అక్కడ తిరుగుతున్నాయన్నమాట. ముసలివి పట్టేస్తే వాటి స్థానంలోకి అంతటివి రావాలంటే ఎన్నాళ్లో మీరే లెక్కేసుకోండి. అందుకే హవాయిలో ఆరు రకాల స్నాపర్లనీ గ్రూపర్ అనే మరో జాతి చేప ఒకదాన్నీ ‘డీప్ సెవెన్’ అని ఒకే కట్టలో పెట్టి, వ్యాపారంగా పట్టేవాళ్లకు ఏడాదికి ఇంతే అని పరిమితి పెట్టారు. ఏటా సెప్టెంబరు 1న లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఇదంతా హవాయి గొడవ అనుకోకండి. ఇదే చేప హిందూ మహాసముద్రంలో, అండమాన్ వైపు కూడా ఉంది. అక్కడ వేట చేసేవాళ్లలో శ్రీకాకుళం నుంచి వెళ్లిన మనవాళ్లు చాలామంది. మీ పేపరు వాళ్లింటికీ వెళ్తుంది గనక ఆ సీసపు గుండు సంగతి నాలుగు లైన్లు వేయండి.

అన్నట్టు, సవరణ వేస్తే ఫోటో కింద పేరు కూడా మార్చండి. అది ఓపకపక కాదు, ఓనగ అనే మరో రకం స్నాపర్. ఒళ్లంతా ఎర్రగా ఉంది, తోక పై కొస దారంలా సాగి ఉంది చూడండి. ఇక్కడ కొత్త సంవత్సరానికి జనం ఎగబడి కొనేది దాన్నే.

— ఒక పాఠకుడు, హొనొలులు